ఏమాయెనో, ఎక్కడనున్నదో

హాలెండు దేశపు దర్శకుడు జార్జ్ స్లూయిజర్ 1988లో తీసిన "స్పోర్‌లోస్" అను చలనచిత్రమును గూర్చి ఈ నెల వ్రాయదలచితిని. ఆ డచ్చి మాటకు "జాడ లేకుండ" అని అర్థము. ఇంగ్లీషు మాటలాడు దేశములలో అది "ది వానిషింగ్" అను పేరుతో ప్రదర్శింపబడినది. టిమ్ క్రబ్బే అను రచయిత 1984లో ప్రచురించిన "బంగారు గ్రుడ్డు" అను చిన్న నవల దీనికి మూలము. ఆ యేటి డచ్చి చలనచిత్రోత్సవములో ఇది ఉత్తమ చిత్రముగా "బంగారు దూడ" అను బహుమానమును పొందినది. ఆ బహుమానపు పేరు విని మన చదువరులు చిరునవ్వు నవ్విన తప్పులేదు, నేనును నవ్వితిని.

ఇట్టి పత్రికలో ఒక నేరకథను గూర్చి వ్రాయుట తగునా యని కొందరు పెద్దలు అడుగవచ్చును. అడుగవలసినదే. అయితే ఈ చిత్రములో రక్తము చిందదు, కత్తి మెరయదు, అసభ్యమైన దృశ్యములు మనలను వేధింపవు. భయమంతయు పట్టపగలు, జనసమ్మర్దము గల ఒక పెట్రోలు బంకులో, ఒక కాఫీ యంత్రము ప్రక్కన పుట్టుచున్నది. అంతకంటె ముఖ్యమైన సంగతి యేమనగా, తన మనిషి యెటుపోయెనో తెలియక మిగిలిపోయినవాని హృదయములో జరుగు ఒక మార్పును ఈ చిత్రము చూపినంత స్పష్టముగా నేను మరియెక్కడను చూడలేదు. ఆ మార్పును గూర్చియే నా మాట. కథాంతమును దాచి ఈ సంగతి చెప్పుట సాధ్యము కాదు గనుక, చిత్రమును ముందుగా చూడగోరువారు ఇక్కడ ఆగి, చూచిన తరువాత తక్కిన భాగమును చదువుదురు గాక.

రెక్స్, సాస్కియా అను డచ్చి యువతీయువకులు కారు మీద సైకిళ్లు కట్టుకొని సెలవులు గడుపుటకు ఫ్రాన్సు దేశమునకు పోవుచున్నారు. దారిలో ఒక పొడవైన సొరంగములో పెట్రోలు అయిపోయి కారు నిలిచిపోవును. ఇద్దరును వాదులాడుకొందురు. వెనుకనుండి లారీలు వచ్చి గుద్దు భయమున్నది. ఆమె టార్చిలైటు కొరకు చీకటిలో తడుముకొనుచు, నన్ను విడిచి పోవద్దని పిలుచుచుండగా, అతడు పెట్రోలు తెచ్చుటకు నడిచి వెళ్లిపోవును. తిరిగి వచ్చునప్పటికి ఆమె కారులో లేదు. సొరంగము చివర వెలుగులో నిలిచియున్నది. ఈ చిన్న తగవు ఏ కాపురములోనైనను జరుగునదే. అయినను ఆ రోజే, మరికొంత దూరము పోయిన పిమ్మట పెట్రోలు బంకునొద్ద ఆగినప్పుడు, ఇక నిన్నెన్నడును విడువనని ఆమె అతనిచేత ప్రమాణము చేయించుకొనును. ఇద్దరును ఒక చెట్టు మొదట రెండు నాణెములు పాతిపెట్టుదురు. తరువాత ఆమె త్రాగుటకేదైన కొని తెచ్చెదనని లోపలికి పోవును. తిరిగి రాదు.

అంతకుముందే ఆమె తనకు కలిగిన ఒక కలను అతనికి చెప్పియుండెను. తాను ఒక బంగారు గ్రుడ్డులో బంధింపబడి, అంతులేని శూన్యములో ఒంటరిగా తేలిపోవుచున్నదట. ఈ మారు కలలో రెండవ గ్రుడ్డు కూడ కనబడినది. ఆ రెండును ఢీకొన్నచో సమస్తము ముగిసిపోవునట. ఈ రెండవ గ్రుడ్డు సంగతి చదువరులు మనసునందుంచుకొందురు గాక.

సామాన్యముగా ఇట్టి కథలలో నేరస్థుడెవడో చివరివరకు దాచియుంచుదురు. స్లూయిజర్ అట్లు చేయలేదు. రేమోన్ లెమోర్న్ అను ఒక రసాయనశాస్త్రోపాధ్యాయుని మనకు ముందుగనే చూపును. అతడు భార్య, ఇద్దరు కుమార్తెలు గల గృహస్థుడు; ఊరి వెలుపల ఒక ఇల్లు కొని, దానిని బాగుచేసికొనుచుండును. క్లోరోఫారము ఎంతసేపు పనిచేయునో తనమీదనే ప్రయోగించి, గడియారము చూచుకొని పుస్తకములో వ్రాసికొనును. కారు తలుపు తెరచి ఒక స్త్రీని పిలుచుట యెట్లో ఒంటరిగా అభినయించి, ఆ తరువాత తన నాడి చూచుకొనును. ఆ ఇంటినుండి కేకలు బయటికి వినబడునో లేదో తెలిసికొనుటకు తన స్వంత భార్యాబిడ్డలచేత ఆటగా కేకలు వేయించును. వారు నవ్వుచు అరచెదరు. తరువాత పొరుగువానిని ఏమైన వినబడెనా అని మర్యాదగా అడుగును. నటుడు బెర్నార్ పియేర్ డొనడ్యూ ఈ పాత్రను కళ్లెఱ్ఱజేసి గాని కోరలు చూపి గాని నటింపలేదు. ఒక ఉపాధ్యాయుడు ప్రయోగశాలను సిద్ధపరచునట్లు సిద్ధపరచును. మొదటి ప్రయత్నములన్నియు తప్పిపోవును. ఒక మారు తుమ్ము వచ్చి, మందు తడిపిన చేతిరుమాలునే తన ముక్కునకు పెట్టుకొనును. ప్రేక్షకుడు నవ్వును. నవ్విన తరువాత తాను ఎవని పక్షమున నవ్వెనో తలంచుకొని సిగ్గుపడును.

సాస్కియా అతని చేతికి చిక్కిన విధము నన్ను మిక్కిలి కలచివేసినది. ఆమె కాఫీ యంత్రమునొద్ద చిల్లర కొరకు అతనితో మాటలాడి, తనకు వచ్చిన కొద్దిపాటి ఫ్రెంచి భాషను సరదాగా వాడుకొనుచు, అతని తాళముచెవుల గుత్తికి వ్రేలాడు "ఆర్" అను అక్షరపు బిళ్లను చూచును. రెక్స్ పేరులోని మొదటి అక్షరము గదా, అతనికొకటి కొని ఇచ్చెదనని ఆశపడును. తాను ఇట్టివే అమ్మువాడనని, కారులో పెట్టెడున్నవని అతడు చెప్పును. ఆమె కారునొద్ద క్షణము సంకోచించును. లోపల అతని భార్యాబిడ్డల ఫొటో కనబడును. దానిని చూచి ధైర్యము తెచ్చుకొని ఎక్కును. ప్రేమించినవానికి ఒక చిన్న కానుక తేవలెనను కోరికయే ఆమెను అక్కడికి నడిపించినది. ఒక కుటుంబపు ఫొటోయే ఆమెను లోపలికి ఎక్కించినది. యొహానా తెర్ స్టేగె అను నటి తెరమీద కనబడునది కొద్దిసేపే. ఆ కొద్దిసేపటిలోనే సాస్కియా మనకు ఆత్మీయురాలగును. లేనిచో ఆమె లేమి మనకు బాధ కలిగించెడిది కాదు.

ఇప్పుడు రెక్స్ సంగతి. మూడు సంవత్సరములు గడచినవి. అతడు ఇంకను వెదకుచునే యున్నాడు. గోడలమీద ఆమె బొమ్మలు అంటించును, టెలివిజనులో మాటలాడును, నేరము చేసినవానిని నేను ద్వేషించుట లేదు, జరిగినదేమో తెలిసిన చాలునని చెప్పును. రేమోన్ అతనికి కార్డులు వ్రాసి నీమ్ పట్టణములోని ఒక కాఫీ హోటలునకు రమ్మని పిలుచును, అతడు పోయి గంటల తరబడి కూర్చుండును, ఎవరును రారు. ఇంటిలో లీనెకె అను మరియొక యువతి అతనితో జీవించుచున్నది. చిత్రము ఆమెకు తగినంత చోటు ఇయ్యలేదు. అది ఈ చిత్రములోని లోపమని నా అభిప్రాయము. బ్రతికియుండి ప్రక్కన కూర్చున్న మనిషి, లేని మనిషి నీడలో ఎట్లు క్రమక్రమముగా కనుమరుగగునో చూచుటకు మన కుటుంబములలో కావలసినన్ని సాక్ష్యములున్నవి. దర్శకుడు ఆ వైపు రెండు మూడు మారులు చూచి, త్వరగా ముఖము త్రిప్పుకొనినాడు. చివరకు లీనెకె వెళ్లిపోవును. వెళ్లినట్లు రెక్స్ సరిగా గమనింపనైనను లేదు.

రెక్స్ ఆమెతో ఒకసారి తన మనసులోని మాట చెప్పును. సాస్కియా ఎక్కడనో దూరదేశములో సుఖముగా బ్రతికియున్నట్లు తాను ఊహించుకొనుచుండునట. అప్పుడు తనయెదుట రెండు మార్గములు నిలుచునట. ఆమెను అట్లే బ్రతుకనిచ్చి తాను ఎన్నటికిని ఏమియు తెలియకుండుట ఒకటి. ఆమెను చావనిచ్చి జరిగినది తెలిసికొనుట రెండవది. తాను రెండవదానినే ఎంచుకొందునని అతడు చెప్పును.

చదువరులారా, ఈ ఒక్క మాటకొరకే నేను ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఇక్కడ సాస్కియా రెండవసారి మాయమైనది. మొదటిసారి ఒక దుర్మార్గుడు ఆమెను బంకులోనుండి ఎత్తుకొనిపోయెను; రెండవసారి ఆమెను ప్రేమించినవాడే తన ప్రేమలోనుండి ఆమెను తొలగించి, ఆమె ఉండిన చోట ఒక ప్రశ్నను కూర్చుండబెట్టెను. అతడు వెదకుచున్నది ఇప్పుడు సాస్కియాను కాదు, "ఏమాయెను" అను దానికి జవాబును. ఈ మార్పు ఏ దినమున జరిగెనో అతనికి తెలియదు. చూచుచున్న మనకును తెలియదు. గోడకు అంటించిన బొమ్మ అదే, కన్నీరు అదే, తిరుగుట అదే. అందువలననే అది భయంకరమైనది.

రేమోన్‌కు ఇది బాగుగా తెలియును. అతడు మూడు సంవత్సరములు రెక్స్‌ను గమనించినది ఇందుకే. తుదకు తానే హాలెండునకు వచ్చి, నేనే ఆ మనిషినని చెప్పును. రెక్స్ అతనిని కొట్టును. రేమోన్ దెబ్బలు తిని నెమ్మదిగా లెక్క చెప్పును: నన్ను పోలీసుల కప్పగించవచ్చును, సాక్ష్యము లేదు, చంపవచ్చును, అప్పుడు నీ కెన్నటికిని తెలియదు, నాతో వచ్చినచో తెలియును. రెక్స్ కారెక్కును. సాస్కియా ఎక్కిన ఆ కారే.

ఆ రాత్రి ప్రయాణములో రేమోన్ తన వృత్తాంతము చెప్పును. పదునారేండ్ల వయసున ఇంటి వసారా అంచున నిలువబడి క్రిందికి చూచెనట. దూకవలెనను తలంపు అందరికిని వచ్చును, ఎవరును దూకరు. నేను దూకనని ముందుగనే నిర్ణయింపబడియున్నదా, అట్లయినచో ఆ నిర్ణయమును ధిక్కరించెదనని దూకి చేయి విరుగగొట్టుకొనెను. నలువది దాటిన తరువాత ఒకనాడు కాలువలో మునిగిపోవుచున్న ఒక బాలికను దూకి రక్షించెను. అతని కుమార్తె తండ్రిని వీరునిగా చూచి మురిసెను. ఆ మురిపెమునకు నేను అర్హుడనా, కీడు చేయ శక్తిలేనివాని మేలుకు విలువ ఏమున్నది అని అతడు తర్కించి, తాను ఊహింపగల అతి ఘోరమైన కార్యమును చేయగలనో లేదో పరీక్షించుకొన నిశ్చయించెను.

దైవనిర్ణయమును గూర్చిన ఈ తర్కము హాలెండు దర్శకుని చిత్రములో వినబడుట ఆశ్చర్యము కాదు. 1618-19లో ఆ దేశపు డోర్ట్ నగరమున కూడిన మహాసభ వాదించినది ఈ అంశమునే. వేదాంత కళాశాలలో ఆ తీర్మానములను కంఠస్థము చేసిన నావంటివారికి, ఒక రసాయనశాస్త్రోపాధ్యాయుని నోట ఆ చర్చ ఇంత వికృతముగా మారి వినబడుట వింతగానుండును. నేను స్వతంత్రుడనని రుజువు చేసికొనుటకే దూకువాడు స్వతంత్రుడు కాడు, రుజువునకు బానిస. వాడు మొదట తన చేయి విరుచుకొనును; అది చాలక ఇతరుల బ్రతుకు విరుచును. కొందరు విమర్శకులు ఈ పాత్రను గూర్చి "సామాన్యునిలోని కీడు" అని వ్రాసిరి. అది నిజమే గాని చాలదు. రేమోన్ పొరపాటున గాని ఆజ్ఞకు లోబడి గాని కీడు చేసినవాడు కాడు. తెలిసికొనుటకు చేసినాడు. అతనికి ఇరుకు చోట్లనిన భయము. కారులో నడుముపట్టీ కూడ కట్టుకొనలేనివాడు. తాను అన్నిటికంటె దేనికి భయపడునో దానినే ఇతరులకు చేసినాడు. మనము ఆదివారపు బడిలో పిల్లలకు నేర్పు బంగారు సూత్రమును తలక్రిందులుగా పట్టుకొన్నవాడన్నమాట.

ఇప్పుడు రెండవ బంగారు గ్రుడ్డు సంగతికి వత్తము. ఆ కలను గూర్చి పలువురు పలువిధములుగా చెప్పిరి: ఒక గ్రుడ్డు సాస్కియా, రెండవది రెక్స్ అందురు. చిత్రము చివరిలో వార్తాపత్రికమీద ఇద్దరి ముఖములు ప్రక్కప్రక్కన అండాకారముగా కనబడును గనుక ఆ భావము సరియైనదే. అయితే నాకు మరియొక జత కూడ తోచుచున్నది. కీడు చేయగలనో లేదో తెలియవలెనని ఒకడు. ఏమి జరిగెనో తెలియవలెనని ఇంకొకడు. ఇద్దరును తమ తమ ప్రశ్నలో బంధింపబడి తేలుచున్నవారే. ఇద్దరికిని సాస్కియా ఒక సాధనమైపోయినది. అందుకే వారిద్దరును ఆ రాత్రి కారులో అంత సులువుగా మాటలాడుకొనగలుగుచున్నారు. వారిని సమానులుగా ఎంచుచున్నానని ఎవరును అనుకొనవద్దు. ఒకడు హంతకుడు, రెండవవాడు గాయపడినవాడు. అయినను గాయము మాననప్పుడు అది గాయపరచినవాని పోలిక తెచ్చుకొనుట నిజ జీవితములో లేనిదా?

తరువాత వారు ఆ బంకునొద్దకు చేరుదురు. రేమోన్ ప్లాస్కులోనుండి మత్తుమందు కలిపిన కాఫీ పోసి, ఆమెకు జరిగినది నీకును జరిగిననే తెలియును, వేరు మార్గము లేదనును. రెక్స్ పిచ్చివానివలె అటునిటు పరుగెత్తి, ఆ చెట్టు మొదట త్రవ్వి, తామిద్దరును పాతిపెట్టిన నాణెములను బయటికి తీయును. పిదప వచ్చి కాఫీ త్రాగును. కన్నులు తెరచునప్పటికి పెట్టెలో, మట్టిక్రింద, ప్రాణముతో ఉండును. చేతిలోని లైటరు వెలిగించి చూచుకొనును. అతనికి తెలిసినది. పైన, ఆ ఇంటి ఆవరణలో రేమోన్ భార్య మొక్కలకు నీరు పోయుచుండును, పిల్లలు ఆడుకొనుచుందురు.

ఆ కాఫీని గెత్సేమనే తోటలోని గిన్నెతో పోల్చవలెనని కొందరికి తోచవచ్చును. నాకది పొసగదు. ఆ గిన్నె ఇతరుల నిమిత్తము త్రాగబడినది. త్రాగినవాడు దానిని కోరలేదు. ఇది తన ప్రశ్న నిమిత్తము త్రాగబడినది. ఆదికాండములోని పండే దీనికి దగ్గర: తెలియునను వాగ్దానము, తినినచో నిజముగనే తెలియుట, ఆ తెలివియే శిక్ష యగుట.

స్లూయిజర్ 1993లో ఇదే కథను అమెరికాలో మరల తీసెను. జెఫ్ బ్రిడ్జెస్, కీఫర్ సదర్లండ్ అందులో నటించిరి. అక్కడ కథాంతము మారినది. కొత్త స్నేహితురాలు వచ్చి కథానాయకుని మట్టిలోనుండి బయటికి తీయును, దుష్టుడు చచ్చును. సువార్త ప్రకటించువాడను గనుక సమాధిలోనుండి ఒకడు లేచి వచ్చు ముగింపును నేను మెచ్చుకొందునని మీరనుకొనవచ్చును. మెచ్చుకొనలేదు. మొదటి చిత్రములో ఆ కాఫీకి ధర ఉండెను. రెండవదానిలో ధర లేదు. ఏ షరతునకైనను ఒప్పుకొని తెలిసికొనుము, తరువాత ఎవరో వచ్చి త్రవ్వి తీయుదురు అని అది చెప్పుచున్నది. పునరుత్థానమును నమ్మువారు మరణమును చౌకచేయరాదు. చీకటిగా ముగిసినదే ఇందులో నిజాయితీ గలది. అయితే రెండవ చిత్రములో ఆ స్నేహితురాలికి చేయుటకొక పని యైన దొరికినది. అది మాత్రము బాగున్నది.

ఇచ్చట ఒక న్యాయమైన ఆక్షేపణకు జవాబు చెప్పవలెను. తన మనిషి ఏమాయెనో తెలిసికొన గోరుట పాపమా? కాదు, వేయిమార్లు కాదు. అది కుటుంబపు హక్కు. 1977 ఏప్రిలు 30న అర్జెంటీనా రాజధానిలోని మే చౌకులో పదునలుగురు తల్లులు నిలువబడిరి. సైనిక ప్రభుత్వము వారి కుమారులను, కుమార్తెలను ఎత్తుకొనిపోయి జవాబు చెప్పలేదు. ఆ తల్లులు ప్రతి గురువారము ఆ చౌకు చుట్టు నడిచిరి. వారు మా బిడ్డలు ఎట్లు చచ్చిరో చెప్పుడని అడుగుటతో తృప్తిపడలేదు. మా బిడ్డలను ప్రాణముతో తెచ్చి ఇండని అడిగిరి. లోకము దానిని వెఱ్ఱి కోరిక అనెను. ఆలోచించి చూడగా అది రెక్స్ ఎంచుకొన్న దానికి సరిగా ఎదురుగానున్నది. తెలియుటకొరకు చావనిత్తునని అతడు. మీ జవాబుకొరకు వారిని చావనియ్యమని వీరు. బంధింపబడిన స్త్రీలకు పుట్టి పరుల ఇండ్లలో పెరిగిన మనుమలను వెదకిన అవ్వల సంఘము ఇప్పటికి 130 మందికి పైగా కనుగొన్నది. వారు వెదకినది మనుష్యులను గనుక మనుష్యులే దొరికిరి.

యాకోబు సంగతి చూడుడు. అతనికి జవాబు దొరికెను: రక్తములో ముంచిన అంగీ. సాక్ష్యము బలమైనదే, గాని అబద్ధము. అయినను అతడు ఓదార్పు పొందనొల్లలేదు. దీనిని గూర్చి యూదుల పండితులు చాల సూక్ష్మమైన మాట చెప్పిరి: చనిపోయినవానిని గూర్చి కాలక్రమమున ఓదార్పు కలుగును, బ్రతికియున్నవానిని చనిపోయెనని తలంచి ఏడ్చువానికి ఓదార్పు అంటదు అని. తండ్రి బుద్ధి అంగీని నమ్మినది, అతని హృదయము నమ్మలేదు.

మన కోస్తాలో ఈ సంగతి క్రొత్తది కాదు. 1977 నవంబరు 19న దివిసీమమీద సముద్రము లేచినప్పుడు కొట్టుకొనిపోయిన వారిలో ఎందరి శరీరములో గుర్తింపబడలేదు. 1996 నవంబరులో కోనసీమను తుపాను కొట్టినప్పుడు సముద్రముమీద నున్న జాలరులలో అనేకులు తీరము చేరలేదు. ఏడు సంవత్సరములు ఏ సమాచారము లేనివానిని చట్టము చనిపోయినవానిగా ఎంచవచ్చును. ఆ ఏడు సంవత్సరములు ఆ భార్య ఏమి? తాళి ఉంచుకొనవలెనా, తీయవలెనా? ప్రార్థనలో అతని పేరు రోగులతోను ప్రయాణికులతోను చెప్పవలెనా, నిద్రించినవారితో చెప్పవలెనా? వేదాంత కళాశాలలో మాకు భూస్థాపన క్రమము నేర్పిరి. ఇట్టివారికి క్రమము నేర్పలేదు. పాలిన్ బాస్ అను అమెరికా విదుషీమణి 1999లో ఈ దుఃఖమును గూర్చి ఒక పుస్తకము వ్రాసినది. ఇది స్పష్టముకాని నష్టమనియు, ముగింపు కొరకు వారిని తొందరపెట్టరాదనియు ఆమె బోధ.

తీరమునందలి ఒక సంఘములో అట్టి స్త్రీ ఒకతె నాకు తెలియును. భర్త వేటకు పోయి రాలేదు. స్మరణ ఆదివారమున చదువు పేర్లలో అతని పేరు చేర్చుటకు ఆమె ఒప్పుకొనలేదు. ప్రతి సంవత్సరము సంఘపు చందా తన పేర ఒకటి, అతని పేర ఒకటి కట్టుచుండెను. కోశాధికారి రసీదు వ్రాయుటకు సందేహించినప్పుడు, "అయ్యగారూ, ఆయన ఎక్కడ ఉన్నా సబ్యుడే గదా" అని అడిగినది. ఏమాయెనని ఆమె నన్నెన్నడును అడుగలేదు. ఆమె బిడ్డల చదువులు సాగినవి; కూతురి పెండ్లి జరిగినది; వల అల్లుచునే యున్నది. రెక్స్ వద్ద లేనిదియు, ఆమె వద్ద ఉన్నదియు ఏమో నేను ఒక మాటలో చెప్పలేను గాని, ఆమె అతనిని ఒక సభ్యునిగానే ఉంచుకొన్నది, ప్రశ్నగా మార్చుకొనలేదు. కయీనును దేవుడు అడిగిన ప్రశ్నల వరుస నాకు అప్పుడు జ్ఞాపకము వచ్చినది. నీ తమ్ముడు ఎక్కడ అనునది ముందటిది. నీవు చేసినదేమి అనునది దాని తరువాతిది.

ఈ చిత్రము చూడవచ్చునా యని అడుగువారికి: పిల్లలకు చూపవద్దు. ఇటీవల ఎవరినైన పోగొట్టుకొన్నవారు, ముఖ్యముగా జాడ తెలియని వారి కుటుంబీకులు, చూడవలదు. ఒంటరిగా రాత్రివేళ చూచుటకంటె ఇద్దరు ముగ్గురు కలిసి చూచుట మేలు. 1993 చిత్రము చూడకపోయిన నష్టము లేదు. యౌవనస్థుల కూటములలో చర్చకు పెట్టదలచిన కాపరులు, రేమోన్ ప్లాస్కు తెరచి కాఫీ పోసిన చోట చిత్రమును నిలిపి, దీపములు వేసి, ఇప్పుడు రెక్స్ ఏమి చేయవలెనని వారినే అడుగుదురు గాక. వారి జవాబులన్నియు వినిన తరువాతనే తక్కిన భాగమును చూపవలెను. ఆ సాయంకాలమున ప్రసంగము అవసరముండదు.